చిటపట ఆగేదాకా

జ్వరం తగ్గి మళ్ళీ పనిలోకి వెళ్ళిన ఉదయం వంటక్క పెద్ద గిన్నె మీద మూత తీసింది. ఆవిరి వచ్చింది. ఆవిరి ఒక్కటే వచ్చింది. ముఖాన్ని తడిపి, కనురెప్పల మీద చుక్కలుగా నిలిచి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి పలకరించుకున్న మనిషి వీధిలో ఎదురై కూడా చూడనట్టు తప్పుకుంటే ఎలా ఉంటుందో, ఆమెకు అలా అనిపించింది.

వాసన మళ్ళీ రాలేదు. డాక్టరు ముక్కులోకి టార్చి వేసి చూసి, కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు అన్నాడు. తను ఏ కొందరిలో ఉందో తేల్చుకోవడానికి ఆమె కొన్నాళ్ళు తంటాలు పడింది. సబ్బు ముక్క, కిరసనాయిలు సీసా, ఉతకని చొక్కా, తొలి వాన పడ్డ మట్టి, అన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. అన్నిటిదీ ఒకటే మౌనం.

ఆమె ఏటికి అవతల ఉన్న మిల్లు క్యాంటీన్లో వంటమనిషి. ఒక మధ్యాహ్నం గిన్నె అడుగంటి మాడిపోతుంటే భోజనాల గదిలో ఉన్న అందరికీ తెలిసింది, పొయ్యి ముందు నిలబడ్డ ఆమెకు తప్ప. మేనేజరు చెడ్డవాడు కాదు. "కొన్నాళ్ళు గిన్నెలు తోమే దగ్గర ఉండక్కా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత అన్నది రానే లేదు. వంటక్క అన్న పిలుపు మాత్రం మారలేదు. పేరు పొయ్యి దగ్గరే ఉండిపోయింది, మనిషి తొట్టి దగ్గరికి మారింది.

ఇంట్లోనూ అంతే. తమ్ముడితో, మరదలితో కలిసి ఉండేది. ఆమె గరిటె పట్టుకుంటే మరదలు వచ్చి, "మీరు కూర్చోండి వదినా, అలిసిపోయి వచ్చారు" అంటూ చేతిలోంచి మెల్లగా తీసుకునేది. ఆ మెల్లదనమే ఆమెకు కష్టంగా ఉండేది. లాక్కుని ఉంటే తిరిగి లాక్కోవచ్చు.

తమ్ముడిది లాంచీ. లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు గనక ఊరంతా అతన్ని అలాగే పిలిచేది, చివరికి పెళ్ళాం కూడా. ఇవతలి రేవు నుంచి అవతలి మిల్లుకి మనుషుల్ని చేరవేయడం అతని పని. వంతెన ఉంది గానీ చాలా ఎగువన ఉంది. దాన్ని చుట్టి వెళ్ళాలంటే పొద్దున పనికి బయల్దేరినవాళ్ళు భోజనాల వేళకి చేరతారు. సరంగుకి తన ఇంజను మీద ప్రేమ కంటే గర్వం ఎక్కువ. "నా డీజిల్ ట్యాంకులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు" అనేవాడు. ఎవరూ మూత తీసి చూడలేదు, ఎవరికీ అంత అవసరం రాలేదు.

డీజిల్ ధర పెరిగినకొద్దీ లాంచీ తిరగడం తగ్గింది. మధ్యాహ్నం ట్రిప్పు మానేశాడు. తర్వాత ఆదివారాలు మానేశాడు. వానలు వెళ్ళాక ఇంజను అమ్మేస్తానని ఒకరోజు ఏటి మధ్యలో, ఎవరి ముఖమూ చూడకుండా, నీళ్ళతో చెప్పినట్టు చెప్పాడు.

ఆ రోజు లాంచీలో సైన్సు మాస్టారు ఉన్నాడు. రిటైరైనా మిల్లు పిల్లల బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వస్తుండేవాడు. ఆయన గొంతు సవరించుకుని, వాడేసిన వంటనూనెను శుద్ధి చేసి మందులు కలిపితే డీజిల్ బదులు వాడుకోవచ్చని, దాన్నే బయోడీజిల్ అంటారని, క్యాంటీన్ వాళ్ళూ ఇళ్ళవాళ్ళూ తూముల్లో పారబోస్తున్న నూనెంతా పోగుచేస్తే లాంచీ ఆగనక్కర్లేదని చెప్పాడు.

"అంటే మాస్టారూ, రేపట్నుంచి నా ఇంజనుకి పొద్దున్నే టిఫిన్ పెట్టాలన్నమాట" అన్నాడు సరంగు.

"మనం మిగిల్చిందే పెడతాం నాయనా. కొత్తగా వండక్కర్లేదు."

"మా ఇంట్లో మిగలదండీ. ఉన్నదంతా నేనే తింటా."

అందరూ నవ్వారు. కానీ లాంచీ దిగేటప్పుడు ఎవరూ వెంటనే విడిపోలేదు. రేవు మెట్ల మీద అలాగే నిలబడ్డారు. సహకార సంఘం అలా నిలబడి మొదలైంది. డబ్బు కట్టనక్కర్లేదు, నూనె తెచ్చినవాళ్ళంతా సభ్యులు. ఎవరి డబ్బా వాళ్ళ వాటా. లాంచీ ఏ వేళకి కదలాలో అందరూ కలిసి నిర్ణయించుకోవాలి. పాత ఐసు ఫ్యాక్టరీలో ఒక గది ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నారు. మందపాటి గోడలు, నీళ్ళు పోవడానికి వాలుగా కట్టిన నేల, ఎప్పుడో ఐసు దిమ్మలు మోసిన కొక్కేలు పైకప్పుకి వేలాడుతూ. చలి కోసం కట్టిన గదిలో పొయ్యి పెట్టాలి.

ఆ పొయ్యి దగ్గర ఎవరుంటారన్న మాట వచ్చేసరికి అందరూ పైకప్పు కొక్కేల వైపు చూశారు. పాత నూనె కాగితే వచ్చే కంపు జుట్టుకీ బట్టలకీ పట్టి పోదని మాస్టారు ముందే చెప్పేశాడు. ఆయన నిజాయితీ ఆయనకే అడ్డొచ్చింది. ఒకరికి దగ్గు గుర్తొచ్చింది, ఇంకొకరికి అత్తగారు గుర్తొచ్చింది.

వెనక తలుపు దగ్గర నిలబడ్డ వంటక్క, "నాకు వాసన తెలీదుగా" అంది.

జనం నవ్వారు. ఆమె నవ్వడం లేదని చూసి ఆపేశారు. ఆమె అడిగింది వాసన సంగతి కాదని, పొయ్యి సంగతని ఆ గదిలో తమ్ముడికి ఒక్కడికే తెలుసు.

ఇంటికి నడుస్తూ అతను వీధి మలుపులో ఆగాడు.

"అక్కా, నీ చేతివంట మాడినా, ఉప్పు ఎక్కువైనా మేం నోరు మూసుకుని తినేశాం. నీకు తెలుసుగా."

"తెలుసురా. మీ నోళ్ళు మరీ గట్టిగా మూసుకునేవి."

"ఇంజను మనిషి కాదు అక్కా. మొహమాటానికి మింగదు. అది పోతే మళ్ళీ కొనే తాహతు నాకు లేదు. ఆ తర్వాత నేను సరంగునీ కాదు, ఏమీ కాదు."

"నా చేతి మీద నమ్మకం లేదని చెప్పడానికి ఇంత దూరం నడిచావా?"

"ఉందని చెప్పడానికే నడిచా. నోరు రావట్లేదు" అన్నాడు.

నూనె రావడం మొదలైంది. వంటక్క ఊహించినట్టు మాత్రం రాలేదు. డబ్బాలు తళతళలాడుతూ వచ్చాయి. చేతిగుడ్డతో తుడిచి, అంచులు మెరిపించి, పెళ్ళిచూపులకి తయారైనట్టు వచ్చాయి. రేవు వీధిలో మేడ మీద ఉండే అత్తయ్య డబ్బా అయితే కొత్త గిన్నెలా ఉంది. వరసకి ఎవరికీ ఏమీ కాకపోయినా ఊరందరికీ ఆమె అత్తయ్యే.

"చుక్క కూడా వదల్లేదమ్మా. అడుగున అంటుకున్నదానికి వేడినీళ్ళు పోసి కడిగి మరీ పోశాను. మాది శుభ్రమైన ఇల్లు" అంది అత్తయ్య.

అందరి ఇళ్ళూ శుభ్రమైనవే. అందరూ కడిగారు, కడిగిన నీళ్ళు కూడా పోశారు. ఎన్నిసార్లు వాడిన నూనెనే మళ్ళీ వాడామో పక్కింటికి తెలియకూడదని కొందరు, వస్తువు వృథా చేయకూడదని కొందరు. మురికి గిన్నె ఇంకొకరి చేతికి ఇవ్వడం ఆ వీధికి చేతకాని పని.

మొదటి కాపుకి, అంటే నూనె తొలిసారి కాచేనాడు, వంటక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నూనెంతా పోసిన ఇనప పీపా కింద మంట వెలిగించింది. చాలాకాలం తర్వాత ముఖానికి సెగ తగిలింది. కళ్ళు మూసుకుని చెవి ఒగ్గింది. వాసన పోయిన తర్వాత ఆమెకు మిగిలింది చెవే. నూనె మొదట సన్నగా సణిగింది. తర్వాత పొడి ఆకుల మీద ఎవరో నడిచినట్టు చిటపటలాడింది. ఆ చప్పుడు ఆమె జీవితమంతా విన్నది. ఏది వేయాలన్నా ఆ చప్పుడు కోసమే కదా కాచుకునేది.

గది బయట, మంటకి దూరంగా, తలుపుకి అవతల మందు కలుపుతున్న మాస్టారు అడిగాడు. "అమ్మా, కాగిందా?"

"కాగింది మాస్టారూ."

మంట ఆర్పారు. నూనె గోరువెచ్చనయ్యేదాకా ఆగి, మాస్టారు చేతులకి తొడుగులు వేసుకుని మందు పోశాడు. కర్రతో కలిపారు, మూతపెట్టి తాళం వేశారు. మర్నాడు పొద్దున తేరుకుని, పైన బంగారంలాంటి నూనె, అడుగున నల్లటి మడ్డి ఉండాలి.

మర్నాడు పొద్దున పీపాలో సబ్బు ఉంది. గరిటె గుచ్చితే నిలబడింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు తొంగిచూసి ఒక్కొక్కరే జారుకున్నారు. సరంగు మాత్రం ఒక ముద్ద తీసుకెళ్ళి లాంచీ చెక్కల మీద రుద్దాడు. "నడవకపోతే పోయింది, తెల్లగానైనా ఉంటుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ సాయంత్రం ఇంజను చూడ్డానికి ఎవరో కొత్తవాళ్ళు రేవులోకి వచ్చారని మరదలు వంటక్కకి చెప్పింది.

ఐసు గదిలో మాస్టారూ ఆమే మిగిలారు. ఆయన పీపా చుట్టూ తిరిగాడు.

"నీళ్ళుంటేనే ఇలా సబ్బు అవుతుంది. నీళ్ళు పోయాయా అనే కదమ్మా నేను అడిగింది?"

"కాగిందా అని అడిగారు."

"కాగడమంటే అదేగా."

"మాకు అది కాదండీ."

ఇద్దరూ పీపా వైపు చూశారు. ఆయన ఉద్దేశంలో కాగడమంటే నీళ్ళు ఇగిరిపోవడం. ఆమె చేతికి కాగడమంటే చిటపట మొదలవడం. నీళ్ళుంటేనే నూనె చిటపటలాడుతుందని ఆమెకి అప్పుడు, ఆ చల్లటి గోడల మధ్య, ఒక్కో మాటగా తెలిసింది. ఇన్నేళ్ళూ నూనె గొంతు అనుకున్నది నీళ్ళ గొంతు. నూనెకి గొంతు లేదు. అది ఎప్పుడు మాట్లాడదో అప్పుడే అది ఒంటరిగా ఉన్నట్టు.

"అయితే మొదలవగానే కాదు మాస్టారూ, ఆగిపోయాక" అంది.

మర్నాడు ఆమె ఇంటింటికీ వెళ్ళింది. చేతులూపుకుంటూ వెళ్ళలేదు. తన ఇంటి నూనెడబ్బాని, కడగకుండా, మూత లేకుండా, నడిరోడ్డు మీద పట్టుకుని వెళ్ళింది. నల్లగా, అంచుల నిండా జిడ్డు ధారలు కట్టి ఉంది.

మరదలు గుమ్మంలోంచి చూసి నెత్తి కొట్టుకుంది. "మన పరువంతా డబ్బాలో పోసి ఊరేగిస్తున్నారా వదినా? అది ఎన్నిసార్లు కాచానో చూసినవాళ్ళకి తెలిసిపోదూ?"

"తెలియనీవే. నీతో పాటు వీధి మొత్తం కాచింది."

మేడ మీద అత్తయ్య డబ్బాని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏంటే ఇది, ఏ షెడ్డు నుంచి తెచ్చావు?"

"మా వంటింట్లోంచే అత్తయ్యా. మీదీ ఇలాగే కావాలి. నీళ్ళు పోసి కడగొద్దు."

"నా డబ్బాకి వంక పెడుతున్నావా? ఊళ్ళో ఎవరిదైనా అంత మెరుస్తుందేమో చూపించు."

"మెరిసిందనే కదా సబ్బయింది. కడగడం ఉంది అత్తయ్యా, చివర్లో ఉంది, అది మేం కడుక్కుంటాం. కడగకుండా ఇవ్వడం ఒక్కటే మీ పని."

అత్తయ్య ఆ డబ్బాని మళ్ళీ తేరిపార చూసింది. కడగకుండా ఇవ్వడం ఆమెకి కడగడం కంటే పెద్ద చాకిరీ. లోపలికి వెళ్ళి, గుడ్డ కప్పిన డబ్బా ఒకటి తెచ్చి, పక్కింటి కిటికీ మూసి ఉందని చూసుకుని చేతికి ఇచ్చింది. గుడ్డ తీస్తే వంటక్క డబ్బా తెల్లగా అనిపించేంత నలుపు.

"నవ్వావంటే తిరిగి తీసుకుంటా" అంది.

వంటక్క నవ్వలేదు. ఆ నలుపులోకి చూస్తూ నిలబడింది. అందులో ఎన్ని పొద్దులు ఉన్నాయో, ఎవరెవరు ఆకలేస్తోందని వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డారో అనుకుంది.

రెండో కాపు రోజున ఆమె పీపా పక్కన పీట వేసుకుని కూర్చుంది. చిటపట మొదలైంది. తలుపు అవతల మాస్టారు ఏమీ అడగలేదు, అడగకుండా ఉండటానికి పుస్తకం చదువుతున్నాడు. పేజీ మాత్రం తిప్పడం లేదు. చప్పుడు వానలా కురిసింది. తర్వాత చూరు నుంచి జారే చుక్కల్లా వీలు దొరికినప్పుడే పలికింది. ఇక అయిపోయిందనుకుంటే ఎక్కడో అడుగున ఒక్కటి చిట్లింది. ఆమె ఆగింది. వంటమనిషికి చేతులు కట్టుకుని కూర్చోవడం రాదు. వేళ్ళు గరిటె కోసం తమంతట తామే వెతుక్కున్నాయి. వాటిని ఒళ్ళో పెట్టి నొక్కి పట్టుకుంది.

కాసేపటికి గదిలో ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఖాళీగా లేదు. నిండిన కుండలా ఉంది.

"మాస్టారూ" అంది. అంతే అంది. ఆయన పుస్తకం మూశాడు.

ఈసారి పీపాలో నూనె రెండుగా విడిపోయింది. పైదాన్ని వంచుకుని, నీళ్ళతో కడిగి, మళ్ళీ కాచి, మళ్ళీ నిశ్శబ్దం కోసం కూర్చుని, చివరికి ఒక సీసాలో పట్టి తమ్ముడికి ఇచ్చింది. అతను సీసాని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. ఇంజను కొంటామన్నవాళ్ళు మర్నాడు మాట చెప్పమని అడిగి వెళ్ళారు.

"సగం ఇది, సగం డీజిల్ పోస్తా. ఇవతల నుంచి అవతలికి ఒక్కసారి. ఆగకపోతే అమ్మను. ఆగిందంటే రేపే అమ్మేస్తా. అప్పుడు నన్నేం అనొద్దు."

"అననురా."

"ఏడవకూడదు కూడా."

"నీ మీద ఒట్టేయమంటావా, ఇంజను మీదా?"

పొద్దున లాంచీ నిండింది. మిల్లుకి వెళ్ళేవాళ్ళే కాదు, పనిలేనివాళ్ళు కూడా ఎక్కారు. అత్తయ్య, "అవతల నాకు పనుంది" అని ఏం పనో చెప్పకుండా ముందు బల్ల మీద కూర్చుంది. ఇంజను అందుకుంది. రేవు వెనక్కి జరిగింది. వంటక్క వెనక చివర, పొగగొట్టం దగ్గర కూర్చుని కళ్ళు మూసుకుంది.

ఏటి మధ్యకి వచ్చేసరికి ఆమెకి అందరికంటే ముందు వినిపించింది. ఇంజను తడబడింది. ఎత్తుకుంది, మళ్ళీ తడబడింది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు రెండుసార్లు పొలమారి ఆగిపోయింది.

లాంచీ నీళ్ళ వాలుకి మెల్లగా పక్కకి తిరిగింది. అలలు చెక్కల్ని తడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్కొక్కరి తలా వెనక్కి తిరిగి వంటక్క మీద నిలిచింది. కొన్ని చూపుల్లో కోపం కూడా లేదు, జాలే ఉంది. చేతిలోంచి మెల్లగా గరిటె తీసుకునే చూపు. ఆమె ఎవరి వైపూ చూడక తన చేతుల వైపే చూసుకుంది.

సరంగు ఇంజను గదిలోకి దిగాడు. స్పానర్ల చప్పుడైంది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

అతని చేతిలో ఫిల్టరు ఉంది. తారులాంటి చిక్కటి మడ్డి దాని నిండా పట్టి, వేళ్ళ సందుల్లోంచి జారుతోంది. అక్క నూనెని అతను సీసాలో చూశాడు, వెలుతురుకి పెట్టి చూశాడు. ఇది అది కాదు. ఎన్నో ఏళ్ళుగా డీజిల్ ట్యాంకు అడుగున పేరుకున్నది. డీజిల్ దాన్ని కదపలేదు. కొత్తగా వచ్చిన నూనె ఆ గోడల్ని గీకి, కడిగి, తెచ్చి ఇక్కడ కుమ్మరించింది. ఆ సంగతి ఆ లాంచీలో అతనికి ఒక్కడికే తెలుసు. పైకి వెళ్ళి నూనె పనికిరాదని చెబితే నమ్మనివాళ్ళు లేరు. ట్యాంకులో తల దువ్వుకున్న మనిషిగా అతను మిగిలిపోవచ్చు.

అతను పైకి వచ్చాడు. ఫిల్టరుని గుడ్డలో చుట్టలేదు. అందరికీ కనపడేలా చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. నల్లటి ధార మోచేతి దాకా కారింది.

"ఇది అక్క నూనె కాదు. నా ట్యాంకుది. నా మురికి" అన్నాడు.

అందరికంటే ముందు అత్తయ్యే తేరుకుంది.

"దువ్వెన కూడా ఉందేమో చూడు నాయనా అందులో."

నవ్వు ముందు బల్ల నుంచి వెనక బల్లకి పాకింది. సరంగు తల వంచుకుని నవ్వాడు. ఫిల్టరుని విడిగా ఉన్న డీజిల్లో కడిగి, బిగించి, గొట్టాల్లో చిక్కిన గాలి తీసేశాడు. చుక్కాని దగ్గరికి వెళ్తూ వంటక్క పక్కన ఒక్క క్షణం ఆగాడు.

"రేపు ట్యాంకు విప్పుతా. నువ్వు దగ్గరుండి చూడు. నాకు కడగడం రాదు."

"కడగడం చివర్లో నేర్చుకోవచ్చురా. ముందు నడుపు."

ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది. ఈసారి ఆమె చెవి పెట్టి వింది. ఎక్కడా చిటపట లేదు. పొగగొట్టం నుంచి పల్చటి పొగ లేచి, గాలికి వంగి, బల్లల మీదుగా ముందుకి సాగింది.

అత్తయ్య ముక్కు ఎగబీల్చింది. "ఇది మా వంటింటి వాసనే" అంది.

"మీదెందుకవుతుందండీ, ఇది మా పెద్దమ్మ చేతిదైతేనూ" అన్నాడు మిల్లు పనివాడొకడు.

"అందరిదీ కలిపే కదయ్యా పోసింది" అన్నాడు మాస్టారు. ఆయన కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

వంటక్కకి పొగ కనిపించింది. వెచ్చగా బుగ్గకి తగిలి వెళ్ళింది, అంతే. ఆమె ముఖాల వైపు చూసింది. ఒకరు పెదాలు తడుపుకుంటున్నారు. ఒకరు ఒళ్ళో ఉన్న క్యారియరు మూతమీద చెయ్యి వేశారు. పొద్దున్నే ఏమీ తినకుండా పరుగెత్తుకొచ్చిన ముసలి పనివాడొకడు గుటక మింగి, ఎక్కడ వండుతున్నారో అన్నట్టు ఇటూ అటూ వెతికి, చివరికి ఆమె దగ్గర ఆగాడు.

ఎంతో కాలం తర్వాత ఆకలిగా ఉన్న మనిషి ఒకడు ఆమె వైపు చూశాడు.